మేం నలుగురం, లెడ్ జెప్లిన్ పాటలు

మా బ్యాండ్‌లో నలుగురం. ఒక్కరం కూడా రాక్ వింటూ పెరిగినవాళ్లం కాదు. నాది మృదంగం. గిటార్ వాయించే తమ్ముడిది పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా. కీబోర్డు వాయించే అన్నది చిత్తూరులో చర్చి. పాడే తమ్ముడు నాదస్వరం వాళ్లింటి పిల్లాడు. ఇలాంటి మేం తిరుపతిలో కూర్చుని లెడ్ జెప్లిన్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పాటలు మాత్రమే వాయించే ట్రిబ్యూట్ బ్యాండ్ పెట్టుకున్నాం. అదెలా కుదిరిందని సంగీతం కాలేజీ జూనియర్లు నన్ను చాలాసార్లు అడిగారు. నోటితో చెబితే సగమే చెప్పగలుగుతున్నాను, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మా నాన్న హరికథలకి మృదంగం వాయించేవారు. నాకు మొదటి పాఠాలు ఇంట్లోనే. ఆ తర్వాత శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో విశారద చేశాను. 1959లో టీటీడీ పెట్టిన కాలేజీ అది. ఒక గదిలో గాత్రం, పక్క గదిలో వీణ, ఆ పక్కన వయోలిన్, ఇంకాస్త దూరంలో గజ్జెల చప్పుడు. అన్నీ ఒకేసారి వినపడుతుంటే మన తాళం మనం వదలకుండా పట్టుకోవడం అక్కడ దానంతట అదే అలవాటవుతుంది. ఇప్పుడు పగలు ఆడిటర్ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు అరంగేట్రాలకీ చిన్న కచేరీలకీ పక్కవాద్యం.

గిటార్ తమ్ముడు పరిచయమైంది అలాంటి ఒక అరంగేట్రం దగ్గరే. సౌండ్ వాళ్లతో వచ్చాడు. కార్యక్రమం అయిపోయాక ఫోన్ తీసి ఒక పాట వినిపించాడు. "అక్కా, దీని లెక్క చెప్పు. గిటార్ ఒక దారిన పోతా ఉండాది, డ్రమ్ము ఇంకో దారిన పోతా ఉండాది. ఒకటి యాడ పడతాదో దొరకలేదు నాకు" అన్నాడు. ఆ పాట పేరు 'కశ్మీర్'. 1975లో వచ్చిన 'ఫిజికల్ గ్రాఫిటీ' ఆల్బమ్‌లోది. విన్నాను, తొడమీద తాళం వేశాను. గిటార్ మూడు మూడుగా నడుస్తోంది, డ్రమ్ము నాలుగు నాలుగుగా నడుస్తోంది. తకిట నాలుగుసార్లు, తకధిమి మూడుసార్లు. పన్నెండు దెబ్బలకొకసారి ఇద్దరూ ఒకేచోట కలుసుకుంటారు. మన పాఠాల్లో ఇలాంటి లెక్కలు మొదటి ఏడాదిలోనే వస్తాయి కాబట్టి నాకు వెంటనే అందింది. కానీ లెక్క అందాక కూడా పాట నన్ను వదల్లేదు. ఇంటికెళ్లి మళ్లీ మళ్లీ విన్నాను. మూడుకీ నాలుగుకీ పొత్తు కుదర్చడం మనకి తెలిసిన విద్యే. ఎనిమిది నిమిషాలకి పైగా దానిమీదే నిలబడి, ఎక్కడా విసుగు పుట్టించకపోవడం మాత్రం నేనంతకు ముందు వినలేదు.

అప్పటి నుంచి ఆ బ్యాండ్ వాళ్ల గురించి చదవడం మొదలుపెట్టాను. వాళ్లూ నలుగురే. 1968లో లండన్‌లో కలిశారు. గిటారిస్టు జిమ్మీ పేజ్ అంతకుముందు స్టూడియోల్లో ఎవరు పిలిస్తే వాళ్ల పాటకి వాయించిన సెషన్ ఆర్టిస్టు. బేస్, కీబోర్డు చూసుకునే జాన్ పాల్ జోన్స్‌ది సంగీతం తెలిసిన కుటుంబం, పద్నాలుగేళ్లకే వాళ్ల ఊరి చర్చిలో ఆర్గాన్ వాయించాడు. డ్రమ్మర్ జాన్ బోనమ్ ఐదేళ్ల వయసులో డబ్బాలమీద మొదలుపెట్టాడు, గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు కాదు. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ పాత అమెరికన్ బ్లూస్ రికార్డులు విని విని గొంతు తయారుచేసుకున్నాడు. నలుగురూ నాలుగు చోట్ల నుంచి వచ్చారు. ఇది చదివాకే తమ్ముడితో అన్నాను, మనం పెట్టే బ్యాండ్‌కి రాక్ వాయించేవాళ్లనే వెతకాల్సిన పనిలేదని.

తమ్ముడి సంగతి చెప్పాలి. వాళ్ల మామ నడిపే ఆర్కెస్ట్రాలో చిన్నప్పటి నుంచి వాయిస్తున్నాడు. మన చిత్తూరు వైపు పెళ్లిళ్లలో తెలుగు పాటలతో పాటు తమిళ పాటలు కూడా పాడకపోతే కుదరదు. పుత్తూరు, నగరి దాటితే అవే ఎక్కువ అడుగుతారు. గాయని గొంతు బాగాలేదంటే అప్పటికప్పుడు శ్రుతి మార్చాలి. ఫ్లూట్ వాయించేవాడు రాకపోతే ఆ ముక్క గిటార్‌మీద వాయించాలి. నోట్స్ ఉండవు, ఒకసారి విని పట్టేసుకోవడమే. ఇలా పెరిగిన వాడి చెవికి పాటలో ఒక్క గిటారే వినపడదు, మొత్తం కూర్పు వినపడుతుంది. ఎవరు ఎప్పుడు ఆగారు, ఎవరు ఎవరికి చోటిచ్చారు అన్నది వాడు చెప్పినంత బాగా మాలో ఎవరం చెప్పలేం. మాకు దొరికిన సెషన్ ఆర్టిస్టు వాడు.

కీబోర్డు అన్నని తెచ్చింది కూడా తమ్ముడే. అన్న చిత్తూరులో చర్చి క్వాయర్‌కి వాయిస్తాడు. సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు గొంతులూ వేరువేరుగా నేర్పించి కలిపే పని ఆయనది. మా నలుగురిలో స్టాఫ్ నొటేషన్ చూసి వాయించగలిగేది ఆయనొక్కడే. చిత్తూరు నుంచి తిరుపతికి 70 కిలోమీటర్లు బస్సులో వస్తాడు, ఆదివారం ఆరాధన ముగిశాక. ఆయన రాకముందు బేస్ గిటార్‌కి ఐదో మనిషి కోసం చూస్తున్నాం. ఆయన విని, "వద్దు, ఆ జోన్స్ చేసిందే నేనూ చేస్తా" అన్నాడు. 1970 నాటి 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ' పాటలో జోన్స్ చేతులతో ఆర్గాన్, కాళ్లతో ఆర్గాన్ పెడల్స్‌మీద బేస్ వాయించాడు. మా అన్నకి పెడల్స్ లేవు. కీబోర్డుని రెండు భాగాలు చేసుకుని ఎడమచేత్తో బేస్, కుడిచేత్తో ఆర్గాన్ నడిపిస్తాడు. గిటార్ ముందుండాల్సిన పాటలకి మాత్రం బేస్ గిటారే పట్టుకుంటాడు.

గాయకుడు దొరకడానికే టైమ్ పట్టింది. ప్లాంట్ పాటలు పైస్థాయిలో ఉంటాయి. అంత ఎత్తులో ఉండి కూడా గొంతు సన్నబడకూడదు. చాలామందిని విన్నాం. చివరికి నాకు తెలిసిన నాదస్వరం విద్వాంసుడి కొడుకు గుర్తొచ్చాడు. టీటీడీ నాదస్వర, డోలు పాఠశాలలో నేర్చుకున్నాడు. పెళ్లిళ్లకీ గుడి ఉత్సవాలకీ నాన్న పక్కన వాయిస్తాడు, ఇంట్లో ఎప్పుడూ పాడుతూనే ఉంటాడు. నాదస్వరం వాళ్లు ముందు గొంతుతో పాడి తర్వాత వాద్యంమీదకి తెస్తారు, అందుకని వాళ్ల దమ్ము వేరు. ఊరేగింపులో నడుస్తూ గంటలసేపు వాయించేవాళ్లకి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ దాచుకోవాలో బాగా తెలుసు. ఇంగ్లీషు వాడికి కొత్త. సాహిత్యం తెలుగు లిపిలో రాసుకుని, ఒక్కో పదం ఎక్కడ సాగుతుందో గీతలు పెట్టుకుని నేర్చుకున్నాడు. అర్థం తెలియకుండా ఒక్క పాట కూడా పాడనన్నాడు. అన్న కూర్చోబెట్టి వరుసవారీగా చెప్పేవాడు.

మనుషులు కుదిరాక చోటు కావాలి. డ్రమ్ సెట్ మోత ఇళ్ల మధ్య కుదరదు. ఆర్కెస్ట్రాకి తెలిసిన ఒక కల్యాణ మండపం ఆషాఢమాసం అంతా ఖాళీగా ఉంటుంది, ముహూర్తాలు ఉండవు కాబట్టి. తమ్ముడికీ నాదస్వరం తమ్ముడికీ కూడా అప్పుడు పని తక్కువ. మండపం పెద్దాయన కరెంటు ఖర్చు పెట్టుకుంటే చాలన్నారు. మా బ్యాండ్ నిలబడిందంటే ఆషాఢం పుణ్యమే. ఆ తర్వాత ధనుర్మాసంలో మళ్లీ అక్కడే కూర్చున్నాం, తెల్లవారుజామున తిరుప్పావై అయ్యాక నాదస్వరం తమ్ముడు తిన్నగా ప్రాక్టీసుకి వచ్చేవాడు.

ఇక అసలు పని. మేం పెట్టుకున్న పద్ధతి ఇది: ఒక పాట తీసుకుంటాం, ఎవరింట్లో వాళ్లు వింటాం, ఆదివారం కలిసినప్పుడు వాయించే ముందు ఎవరికేం వినపడిందో చెప్పుకుంటాం. మొదటిసారి ఇలా చెప్పుకున్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. పాట ఒకటే అయినా నలుగురం నాలుగు పాటలు విన్నాం. 'సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ' అనే ఆ నిదానమైన బ్లూస్ పాటే తీసుకోండి. నాకు తిస్రగతి, అంటే మూడు మూడుగా నడిచే నడక, వినపడింది, బోనమ్ ప్రతి నాలుగో దెబ్బకీ ముందు ఎంత ఆగుతున్నాడో వినపడింది. అన్నకి ఆర్గాన్ స్వరాలు ఒకదాని కింద ఒకటి ఎలా జారుతున్నాయో వినపడింది. తమ్ముడికి గాయకుడు ఆగినచోటల్లా గిటార్ జవాబు చెప్పడం వినపడింది. పాడే తమ్ముడు మాత్రం గాంధారం (సరిగమల్లో గ) దగ్గరే ఆగిపోయాడు. "అది సాధారణ గాంధారం కాదక్కా, అంతర గాంధారమూ కాదు. మధ్యలో యాడనో నిలబడతా ఉండాడు ఆయన" అన్నాడు. వాడు చెప్పింది నిజం. బ్లూస్ పాడేవాళ్ల గాంధారం ఆ రెండింటి మధ్యన ఉంటుంది, పియానోలో దానికి మెట్టు లేదు. అన్న కీబోర్డుమీద ఎంత వెతికినా దొరకని స్వరాన్ని నాదస్వరం పిల్లాడు గొంతుతో చూపించాడు.

కాకపోతే గమకాన్ని అదుపులో పెట్టాల్సి వచ్చింది. మనవాళ్లకి స్వరం నిలబెట్టగానే దానంతట అదే ఊగుతుంది. ప్లాంట్ ఒక్కోచోట స్వరాన్ని కింద నుంచి లాక్కొచ్చి, పైకి చేరాక కదలకుండా పట్టుకుంటాడు. జారు ఉంది, కంపితం లేదు. పాడే తమ్ముడు దీనికోసం తంబూరా పెట్టుకుని ఒక్కో స్వరమే పాడుతూ సాధన చేశాడు. వాళ్ల నాన్న మొదట్లో ఏమంటారో అని మాకు టెన్షన్ ఉండేది. ఆయన విని, శుద్ధంగా నిలబెట్టడం వస్తే గమకం ఇంకా బాగా వస్తుంది, చెయ్యనీ అన్నారు.

నాకు సంబంధించినంత వరకు కష్టమంతా కాళ్లతోనే. మృదంగం వాళ్లం బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం, కాళ్లకి పని చెప్పం. డ్రమ్ సెట్‌లో కుడికాలు ఒక చెయ్యితో సమానం. బోనమ్ కుడికాలు ఇంకా ఎక్కువ. 1969 నాటి వాళ్ల మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాటలోనే ఒక్క పెడల్‌తో, ఒక్క కాలితో అంత వేగంగా ట్రిప్లెట్లు (మూడేసి దెబ్బల గుంపులు) వాయిస్తే, విన్న డ్రమ్మర్లు రెండు బేస్ డ్రమ్ములు ఉన్నాయనుకున్నారట. నేను సొల్లుకట్టునే, అంటే తకిట, తకధిమి లాంటి నోటి పలుకుల్నే, కాలికి దింపాను. 'త' కుడిచెయ్యి, 'కి' ఎడమచెయ్యి, 'ట' కుడికాలు. నోటితో తకిట అంటూ, మొదటి కాలంలో మొదలుపెట్టి, రెండో కాలం, మూడో కాలం. రాక్ డ్రమ్మర్లు బోనమ్ పేరుతో నేర్చుకునే ట్రిప్లెట్ సరిగ్గా ఇదే, చెయ్యి, చెయ్యి, కాలు. మృదంగం నేర్చుకుంటున్నవాళ్లు డ్రమ్ సెట్ పట్టుకోవాలనుకుంటే ఈ దారిలో వెళ్లమని గట్టిగా చెబుతాను. పుస్తకంలో బొమ్మలు చూసి లెక్కపెట్టడం కన్నా నోట్లో ఉన్న మాటని కాలికి ఇవ్వడం తేలిక.

ఒకచోట మాత్రం మృదంగం నేరుగా పనికొచ్చింది. 'మోబీ డిక్' అని బోనమ్ సోలో ఒకటుంది. ప్రదర్శనల్లో మధ్యలో కర్రలు పక్కన పెట్టి ఉత్త చేతులతో వాయించేవాడు. ఆ ముక్క నేను చాలా ఇష్టంగా వాయిస్తాను. ప్లాస్టిక్ మూతమీద మృదంగం చాపు దెబ్బ పలకదు, కరణ (మృదంగం మూతమీద ఉండే నల్లటి పూత) లేదు కాబట్టి. అందుకని వేళ్లు అంచుకి దగ్గరగా పెట్టి, అరచెయ్యి నడిమికి ఆనించి రెండు రకాల నాదం రప్పించుకున్నాను.

ఇంకో సంగతి తమ్ముడు పట్టి చెప్పాడు. పక్కవాద్యం అలవాటున్న చెయ్యి గాయకుడు ఆగిన చోటల్లా నింపేస్తుంది. "ఖాళీ వదులక్కా" అనేవాడు. 'కశ్మీర్' డ్రమ్ములో నింపడానికి ఎన్ని చోట్లున్నాయో, బోనమ్ అన్ని చోట్లా వదిలేశాడు. మా ప్రాక్టీసు రికార్డింగ్ నాన్నకి వినిపించాను. అంతా విని, "సర్వలఘువు కదమ్మా ఇది. చివరిదాకా ఒకే నడక పట్టుకున్నాడే, అది అందరికీ రాదు" అన్నారు. ముక్తాయింపులకి చప్పట్లు కొట్టించుకోవడం కన్నా నడక నిలబెట్టడం పెద్ద పని అని నాన్న నాకు ఎన్నిసార్లో చెప్పారు, హరికథల్లో గంటలకొద్దీ చేసి చూపించారు కూడా.

'కశ్మీర్' గురించి ఇంకొంచెం చెప్పాలి. దానికి గిటార్ తీగలు మామూలుగా శ్రుతి చెయ్యరు. డి, ఎ, డి, జి, ఎ, డి అని పెడతారు. తమ్ముడు అలా శ్రుతి చేసి ఉత్త తీగలు మీటగానే నాదస్వరం తమ్ముడు లేచి కూర్చున్నాడు. డిని షడ్జం అనుకుంటే అది స, ప, స, మ, ప, స. గాంధారం లేదు, ధైవతం లేదు, ఏ రాగమైనా దానిమీద నిలబడుతుంది. డి అంటే మన రెండు శ్రుతి, వాళ్ల నాన్న నాదస్వరం శ్రుతి కూడా దానికి దగ్గరే. ఆ పాటలో వయోలిన్లు, బాకాలు వచ్చే భాగం మాకు కీబోర్డుతో సరిపోదనిపించేది. అక్కడ నాదస్వరం పెడదామా అన్న మాట వచ్చింది. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి వద్దనుకున్నాం. ట్రిబ్యూట్ అన్నాక వాళ్లు చేసింది ఉన్నది ఉన్నట్టు వినిపించగలగాలి ముందు. మన వాద్యం చేర్చితే జనం బాగా చప్పట్లు కొడతారు, కానీ అప్పుడు వాళ్లు వినేది మన తెలివిని. మా నేపథ్యాలు పాటని సరిగ్గా వినడానికి పనికొస్తే చాలు, పైకి కనపడక్కర్లేదు. విగ్గులు, బెల్ బాటం ప్యాంట్లు కూడా అందుకే పెట్టుకోలేదు.

మండపం మెట్ల సంగతి మాకు అనుకోకుండా కలిసొచ్చింది. 1971లో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బమ్‌లో 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాటకి డ్రమ్ముని ఇంగ్లండ్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్ల కింద హాల్లో పెట్టి, పైనుంచి రెండు మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. ఆ గుండెలో దిగే మోత అలా వచ్చింది. మా మండపంలో భోజనాల హాలు పైన, మెట్లు రెండు మలుపులు తిరుగుతాయి. సెట్టుని కింద మెట్ల పక్కకి జరిపి, పై మలుపు నుంచి మైకులు దించి విన్నాం. స్టేజీమీద ఎంత కొట్టినా రాని బరువు అక్కడ మెల్లగా కొట్టినా వచ్చింది. డ్రమ్ముకి రెండువైపులా మూతలుంచి, లోపల దుప్పటి కుక్కకుండా, కొంచెం బిగువుగా శ్రుతి చేస్తే ఇంకా బాగుంది. బోనమ్‌ది 26 అంగుళాల బేస్ డ్రమ్ము, నాది 22. ఆ తేడాని మెట్లు చాలావరకు పూడ్చాయి.

బయట వాయించే ముందు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. వేరేవాళ్ల పాటలు జనం ముందు వాయించాలంటే హక్కులకి లైసెన్సు కావాలి. మన దేశంలో ఆ పని ఐపీఆర్ఎస్ సంస్థ చూస్తుంది. నిర్వాహకుల చేత ముందే తీయించండి. రెండోది మైకు పర్మిషన్. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి పదికి ఆపెయ్యాలి, కాబట్టి పాటల వరస పదింటికి పావుగంట ముందే అయ్యేలా వేసుకోండి.

మొదటి ప్రదర్శన ఒక కాలేజీ ఉత్సవంలో. పిల్లలకి 'స్టెయిర్‌వే టు హెవెన్' తెలుసు, మిగతావి తెలియవు. దాంట్లో మొదట్లో వచ్చే రికార్డర్ల భాగాన్ని అన్న కీబోర్డుమీద వాయించాడు. నిజానికి నాకు గుర్తుండిపోయింది ఆ పాట కాదు. బ్లూస్ పాటలో తమ్ముడు ఆ గాంధారం దగ్గర నిలబడగానే ముందు వరసల్లో మాటలు ఆగిపోయాయి. పాట అయ్యాక చర్చి క్వాయర్ నుంచి వచ్చిన పిల్లలు అన్న దగ్గరికెళ్లి ఆ ఆర్గాన్ వరస అడిగి రాసుకున్నారు. మా నాన్న, నాదస్వరం పెద్దాయన పక్కపక్కనే కూర్చున్నారు, 'కశ్మీర్' వస్తున్నంతసేపూ ఒకరు మూడు, ఒకరు నాలుగు వేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు 'ఫోర్ స్టిక్స్' పట్టుకున్నాం. బోనమ్ చేతికి రెండేసి కర్రలు పట్టుకుని వాయించిన పాట, ఐదు, ఆరు దెబ్బల వరసలు మారుతూ నడుస్తుంది. పేజ్, ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చినప్పుడు ఇదే పాటని మన వాద్యకారులతో రికార్డు చేశారు. అది 2015లో విడుదలైంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటున్నాం. ఐదుని నేను తకతకిట అంటున్నాను, తమ్ముడు తకిటతక అంటున్నాడు. ఎలా అంటే గిటార్ వరస బాగా కూర్చుంటుందో ఈ ఆదివారం వాయించి చూడాలి.